విజయవాడలో అద్దె ఇల్లు వెతుకుతున్నాను: ఓనరుకు ముందే చెప్పాలా?

మల్లెతీగ | విజయవాడ | 17 ఆగస్టు 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా కాలంగా మీ మాటలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నాకు ఇరవై నాలుగేళ్లు, ట్రాన్స్ మహిళను, అంటే మగపిల్లాడిగా పెంచిన అమ్మాయిని. సొంతూరు తెనాలి దగ్గర పల్లె. బి.కాం. చదివి, ఈ సంక్రాంతి తర్వాత విజయవాడ వచ్చి వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు చూస్తున్నాను. నా సంగతి యజమానికి చేరిన రోజే చెప్పాను. "పద్దులు సరిగ్గా రాస్తే చాలమ్మా, మిగతాది నాకెందుకు" అన్నారు. పనిలో ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది ఇంటి దగ్గర. ఇన్నాళ్లూ ఒక స్నేహితురాలి గదిలో ఉన్నాను. ఆమెకు పెళ్లి కుదిరింది, వచ్చే నెలాఖరుకు గది ఖాళీ చేయాలి. సత్యనారాయణపురం, మధురానగర్ వైపు టూలెట్ బోర్డులు చూస్తూ తిరుగుతున్నాను. గది చూపిస్తారు, నచ్చిందా అంటారు, ఆధార్ కాపీ అడుగుతారు. అందులో పాత పేరు, మీసాలతో ఫొటో. ఒక ఇంటావిడ కార్డు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, మా వారితో మాట్లాడి చెబుతానని తలుపు వేసేసింది. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ముందే చెప్పేస్తే మంచిదా? ఏమీ చెప్పకుండా స్నేహితురాలి పేరు మీద తీసుకోవాలా?

ఇంకొక సంగతి. అమ్మ రోజూ రాత్రి ఫోన్ చేస్తుంది. తిన్నావా, జ్వరం తగ్గిందా అని అన్నీ అడుగుతుంది. వచ్చే నెల చెల్లి నిశ్చితార్థం, దానికి మాత్రం రావద్దంటోంది. అడిగితే ఏడుస్తుంది. ఏం చేయాలో తెలియడం లేదు.

గోదావరిగట్టు | రాజమహేంద్రవరం | 17 ఆగస్టు, రాత్రి 10:25

తల్లీ, ముందు భోజనం చేశావా? ఇళ్ల వెంట తిరిగిన రోజు చాలామంది తినకుండా పడుకుంటారు, నాకు తెలుసు.

ముందే చెప్పు. నేను ముప్పై ఏళ్లుగా హిజ్రాలు గురువుతో కలిసి బతికే కుటుంబమైన జమాత్‌లో ఉన్నాను, ఇప్పుడు నా కింద చేలాలు, అంటే శిష్యులు, ఉన్నారు. మా ఇల్లు మారిన ప్రతిసారీ నేనే వెళ్లి, గుమ్మంలో నిలబడి, "అమ్మా, మేము హిజ్రాలం, అయిదుగురం ఉంటాం, అద్దె ఒకటో తారీఖునే ఇస్తాం, ఇష్టమైతే ఇవ్వండి" అని చెబుతాను. పది మంది కాదంటారు, పదకొండో ఆవిడ సరేనంటుంది. ఆ సరే అన్న ఇంట్లో నిశ్చింతగా ఉంటాం. చెప్పకుండా దిగి, మూడో నెలలో సామాను రోడ్డు మీద పెట్టించుకున్న పిల్లలను నేనే వెళ్లి ఆటోలో తీసుకొచ్చాను. అది చూశాక చెబుతున్న మాట ఇది.

ఎక్కడా దొరకకపోతే మా ఇంటికి రా. జమాత్‌లో చేరాలని కాదు. ఉద్యోగం చేసుకునే పిల్లవు, నీ దారి నీది. ఇల్లు దొరికేదాకా ఉండు.

ఆకాశదీపం | హైదరాబాద్ | 18 ఆగస్టు, ఉదయం 7:10

గురువమ్మా, మీ మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను. మీరు అయిదుగురు కలిసి ఉంటారు, వెనుక జమాత్ ఉంటుంది. మల్లెతీగ ఒంటరి అమ్మాయి. ఆ వీధిలో ఎవరికీ తెలియకపోవడమే ఆమెకు కొన్నిసార్లు రక్షణ. నేను ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో రాత్రి డ్యూటీలు చేస్తాను. అర్ధరాత్రి వచ్చి తాళం తీసుకునేటప్పుడు, పై అంతస్తు కుర్రాళ్లకు నా గురించి తెలియదన్న ధైర్యం నాకు చాలా అవసరం. అద్దెకు వచ్చే మిగతా ఆడవాళ్లు తమ శరీరం గురించి ఓనరుకు చెప్పుకుంటున్నారా? మనమెందుకు చెప్పాలి?

చిక్కంతా ఆధార్ దగ్గరే. కార్డు మారితే ఈ ప్రశ్నే ఉండదు. మల్లెతీగా, కలెక్టర్ దగ్గర గుర్తింపు పత్రానికి దరఖాస్తు చేశావా?

నల్లకోటు | కర్నూలు | 18 ఆగస్టు, ఉదయం 11:30

న్యాయ సేవాధికార సంస్థలో పారాలీగల్ వలంటీరుగా పనిచేస్తున్నాను, నేనూ ట్రాన్స్ మహిళనే. చట్టం సంగతి చెబుతాను.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ కోసం వచ్చిన 2019 చట్టం 2020 జనవరి 10 నుంచి అమలులో ఉంది. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో ఇల్లు అద్దెకు ఇవ్వకపోవడం, ఉన్న ఇంట్లో నుంచి పొమ్మనడం వివక్ష అని మూడో సెక్షన్‌లో ఉంది. ఇంటి నుంచి, ఊరి నుంచి బలవంతంగా వెళ్లగొడితే పద్దెనిమిదో సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు. అయితే ఈ సెక్షన్లు చదివి వినిపిస్తే ఎవరూ తాళం చెవి చేతిలో పెట్టరు. సామాను బయట పడేసిన రోజు పోలీసు స్టేషన్‌లో అవి పనికొస్తాయి. అలాంటి రోజు వస్తే 15100కు ఫోన్ చేయి, ఉచిత న్యాయ సహాయం అందుతుంది. అప్పటికప్పుడు ప్రమాదమైతే 112.

స్నేహితురాలి పేరు మీద మాత్రం తీసుకోవద్దు. రేపు గొడవైతే ఆ ఇంట్లో నువ్వు ఉన్నావనడానికి కాగితం ఉండదు. అద్దె కూడా నగదుగా కాకుండా నీ ఖాతా నుంచే పంపు.

చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. చెప్పి తీరాలని ఏ చట్టమూ అనదు. నా వరకు అయితే, కార్డు మారేదాకా చెప్పడం, మారాక మానడం.

మల్లెతీగ | విజయవాడ | 18 ఆగస్టు, రాత్రి 9:05

గురువమ్మా, పెరుగన్నం తిన్నాను. మీరు అడిగినందుకు కళ్లు తడిశాయి.

గుర్తింపు పత్రానికి ఇంకా దరఖాస్తు చేయలేదు. డాక్టరు పరీక్ష చేస్తారని, ఆపరేషన్ అయితేనే ఇస్తారని ఎవరో అన్నారు, ఆ భయంతో ఆగిపోయాను. మొన్న పదిహేనో తారీఖు నుంచి ఇక్కడ స్త్రీశక్తి ఉచిత బస్సులు మొదలయ్యాయి. ఆడవాళ్లతో పాటు మనకూ వర్తిస్తుందని పేపర్లో చదివాను. బస్సులో అందరూ ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటుంటే, నేను సంచిలో కార్డు పెట్టుకుని డబ్బులిచ్చి టికెట్ కొన్నాను. పక్కన కూర్చున్న పెద్దావిడ "కార్డు మరిచిపోయావా అమ్మాయ్" అంది. అవునన్నాను.

కార్డులో ట్రాన్స్‌జెండర్ అని పెట్టించుకోవాలా, స్త్రీ అనా?

నల్లకోటు | కర్నూలు | 18 ఆగస్టు, రాత్రి 10:50

2020 నిబంధనల ప్రకారం మొదటి పత్రానికి ఏ వైద్య పరీక్షా లేదు. ఆపరేషన్ అక్కర్లేదు. నిబంధనల్లోనే ఆ మాట ఉంది. ఎవరైనా డాక్టరు కాగితం తెమ్మంటే, ఏ నిబంధన కింద అడుగుతున్నారో రాసివ్వమని మర్యాదగా అడుగు. చాలాసార్లు సంభాషణ అక్కడితో ఆగుతుంది.

కేంద్ర ప్రభుత్వ జాతీయ పోర్టల్‌లో ఇంటి నుంచే దరఖాస్తు చేయవచ్చు. ఇప్పుడున్న ఆధార్, ఫొటో, సంతకం, నోటరీ చేయించిన అఫిడవిట్ చాలు. అఫిడవిట్ నమూనా పోర్టల్‌లోనే ఉంటుంది. కొత్త పేరు ఎలా కావాలో ప్రతి అక్షరం చూసుకుని రాయి, తర్వాత అన్ని కాగితాలూ దాని వెంటే నడుస్తాయి. ముప్పై రోజుల్లో జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, పత్రం ఇవ్వాలి. తిరస్కరిస్తే తొంభై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

నీకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. దరఖాస్తు చేసే జిల్లాలో ఏడాదిగా నివాసం ఉండాలి. విజయవాడలో నీకు ఏడాది కాలేదు, ఆధార్ తెనాలిది. కాబట్టి గుంటూరు కలెక్టర్‌కే పెట్టు.

ఈ మొదటి పత్రంలో ట్రాన్స్‌జెండర్ అనే వస్తుంది. ఆపరేషన్ అయ్యాక, ఆసుపత్రి ఇచ్చిన పత్రంతో మళ్లీ దరఖాస్తు చేస్తే స్త్రీ లేదా పురుషుడు అని మార్చి ఇస్తారు. ఆధార్ దగ్గర జాగ్రత్త. పేరు రెండుసార్లు మార్చుకోవచ్చు, లింగం వివరం మాత్రం ఒక్కసారే. రెండోసారి కావాలంటే ప్రాంతీయ కార్యాలయం చుట్టూ తిరగాలి. త్వరలో ఆపరేషన్ ఆలోచన ఉంటే ఇప్పుడు పేరు, ఫొటో మార్చుకుని, లింగం వివరం అప్పటిదాకా ఆపుకునేవాళ్లున్నారు. ఆలోచన లేకపోతే ఇప్పుడే ట్రాన్స్‌జెండర్ అని మార్చుకోవచ్చు. బస్సుకైతే కలెక్టర్ ఇచ్చే గుర్తింపు కార్డు చూపించవచ్చు.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో మనం ఎవరమో చెప్పే హక్కు మనదేనంది. ఈ జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ట్రాన్స్ మహిళ మహిళేనని, అత్తింటి వేధింపులపై 498ఏ కింద ఫిర్యాదు చేసే హక్కు ఆమెకూ ఉందని చెప్పింది. ఇవి మన వెనుక ఉన్నాయని గుర్తుపెట్టుకుని ఆఫీసు మెట్లెక్కు.

వేపచెట్టు | హనుమకొండ | 19 ఆగస్టు, మధ్యాహ్నం 2:15

చెల్లెమ్మా, మీ ముందు నా కష్టం పెట్టవచ్చో లేదో తెలియదు. నేను ట్రాన్స్ మగవాడిని, అంటే ఆడపిల్లగా పెంచిన మగవాడిని, మొబైల్ రిపేరు దుకాణం నడుపుకుంటున్నాను. మాకు జమాత్ లేదు, గురువు ఇల్లు లేదు. చాలామందికి మేమున్నామన్న సంగతే తెలియదు. ఇంట్లో తెలిస్తే తరిమేయడం కంటే గదిలో పెట్టి తాళం వేయడం, సంబంధం చూసేయడం ఎక్కువ. నేను అలా పెళ్లిచూపుల ముందు రోజు బయటపడ్డవాడినే.

ఇల్లు నాకు తేలిగ్గా దొరికింది, గడ్డం ఉంది కాబట్టి. కష్టం మగవాళ్ల హాస్టల్లో పడ్డాను. స్నానాల గది అందరికీ ఒకటే. తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి స్నానం ముగించేవాడిని. ఎండాకాలంలో ఛాతీ బిగించుకున్న బైండర్‌తో గదిలో కూడా ఉండేవాడిని, ఊపిరి ఆడేది కాదు. ఇది చదివే తమ్ముళ్లకు ఒక మాట: ఎనిమిది గంటలు దాటి వేసుకోవద్దు, దానితో నిద్రపోవద్దు, క్రేప్ బ్యాండేజీ అసలే చుట్టొద్దు. అది ఊపిరి తీసిన కొద్దీ బిగుస్తుంది, పక్కటెముకలు దెబ్బతింటాయి.

ఇప్పుడు దుకాణం పైనే ఒక గది. ఓనరుకు చెప్పలేదు, చెప్పను కూడా.

చిరుగాలి | ఊరు చెప్పలేను | 20 ఆగస్టు, రాత్రి 1:05

నాకు పంతొమ్మిది. ఇంట్లో ఎవరికీ తెలియదు. మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొని వేసుకుంటే శరీరం మారుతుందని ఒక వీడియోలో చెప్పారు. రోజుకు ఎన్ని వేసుకోవాలో ఎవరైనా చెబుతారా? ఇంకా ఆగడం నా వల్ల కావడం లేదు.

ఆకాశదీపం | హైదరాబాద్ | 20 ఆగస్టు, రాత్రి 1:40

డ్యూటీలోనే ఉన్నాను, నీ మాట ఇప్పుడే చూశాను. ఒక్కటి కూడా వేసుకోవద్దు కన్నా. ఆ మాత్రల్లో ఎక్కువగా ఉండేది ఇథినైల్ ఎస్ట్రడయోల్. మనకు కావలసిన మార్పు కోసం ఎక్కువ మోతాదులో మింగితే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. సిగరెట్ అలవాటుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. డాక్టర్లు మనకు రాసే ఈస్ట్రోజన్ రకం వేరు. దానికి ముందు రక్తపరీక్షలు చేస్తారు, మొదలుపెట్టాక కూడా కాలేయం, పొటాషియం, హార్మోన్ల స్థాయి చూస్తూ మోతాదు మారుస్తారు. ఆ నమూనాలు రోజూ నా చేతుల మీదుగానే వెళతాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

హైదరాబాద్ రాగలిగితే ఉస్మానియా ఆసుపత్రిలో మనకోసం క్లినిక్ ఉంది. 2022లో అక్కడ ప్రభుత్వ వైద్యులుగా చేరిన ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ మన సముదాయం వాళ్లే. 2021లో మనవాళ్ల కోసం మొదలైన మిత్ర్ క్లినిక్ ఈ ఏడాది ఆరంభంలో అమెరికా సాయం ఆగిపోయి మూతపడింది. అది సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. రాలేకపోతే మీ జిల్లాలో ఏ హార్మోను డాక్టరు దగ్గరికి వెళ్లవచ్చో నేను కనుక్కుంటాను.

"ఆగడం నా వల్ల కావడం లేదు" అన్నావు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా? వస్తుంటే దాచకుండా చెప్పు. మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ 14416 టెలీ మానస్‌కు ఏ వేళకైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. నాకూ రాయి, తెల్లారేదాకా మెలకువగానే ఉంటాను.

చిరుగాలి | 20 ఆగస్టు, రాత్రి 2:20

అలాంటి ఆలోచన ఇప్పుడు లేదు అక్కా. పరీక్షలప్పుడు వచ్చేది. మీకు విడిగా రాశాను.

గోదావరిగట్టు | రాజమహేంద్రవరం | 20 ఆగస్టు, ఉదయం 6:00

చిరుగాలీ, చదువు ఆపకు. ఇంట్లో నుంచి వచ్చేయాలనిపిస్తే వచ్చేముందు నాకు ఒక్క మాట చెప్పు. రైల్వే స్టేషన్‌లో దిగి ఎవరు పిలిస్తే వాళ్ల వెంట వెళ్లకు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చదువు మధ్యలో మానేసినవాళ్లే ఎక్కువ. దుకాణాల దగ్గర చేయి చాపడం, పెళ్లిళ్లలో దీవించి కానుక తీసుకునే బధాయి తప్ప వేరే దారి దొరకలేదు. ఆ సంపాదనతోనే నేను ఇందరికి అన్నం పెట్టాను, దాన్ని తక్కువ చేసి మాట్లాడితే ఒప్పుకోను. ఇప్పుడు మా ఇంట్లో ఇద్దరికి నెలకు 4,000 పింఛను వస్తోంది, ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు గుమ్మంలోకే తెచ్చిస్తారు. అయినా డిగ్రీ కాగితం ఉంటే నీ ఎదుట ఇంకా నాలుగు దారులుంటాయి.

సీమ అమ్మ | అనంతపురం | 21 ఆగస్టు, సాయంత్రం 5:30

నేను ట్రాన్స్ కాదు, మా అమ్మాయి ట్రాన్స్. బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. తన కోసం ఇక్కడ చదువుతుంటాను. మల్లెతీగా, మీ అమ్మ గురించి రాశావు కాబట్టి ఒక తల్లిగా చెబుతున్నాను.

రాత్రి ఫోన్ చేసి తిన్నావా అని అడిగే తల్లి నిన్ను వదులుకోలేదు. ఆమెకు రెండు భయాలుంటాయి. ఒకటి నలుగురిది, అందరికీ తెలిసిందే. రెండోది పైకి చెప్పరు: నేను పోయాక ఈ బిడ్డను ఎవరు చూస్తారు? నన్ను రాత్రులు నిద్రపోనీయనిది ఆ రెండోదే. అమ్మాయి జీతం, స్నేహితులు, గదిలో వండుకునే కూర, జ్వరం వస్తే ఎవరు తోడు వెళ్లారు, ఇవన్నీ ఒక్కొక్కటే తెలిసే కొద్దీ అది తగ్గింది. హక్కుల గురించి మా అమ్మాయి చెప్పిన మాటలు నాకు అప్పట్లో ఎక్కలేదు. తన గదిలో గ్యాసు స్టవ్ ఫొటో పంపినప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

మొదటిసారి తనకు గాజులు కొందామని వెళ్లాను. షాపాయన సైజు అడిగాడు. రెండు పది అన్నాను. అంత పెద్ద చేయి ఎవరిదమ్మా అన్నాడు. మా అమ్మాయిదన్నాను. నోటి నుంచి ఆ మాట బయటికి వచ్చింది ఆ కొట్టులోనే, ఇంట్లో కూడా అప్పటికి అనలేదు. ఆయన మామూలుగా నాలుగు డజన్లు తీసి, ఆకుపచ్చవా ఎర్రవా అని అడిగాడు. మా ఆయన ఇంకా ఆ మాట అనలేదు. పండక్కి ఇద్దరికీ కలిపి బట్టలు తెస్తాడు, అంతే.

నిశ్చితార్థం గురించి ఇప్పుడు పట్టుబట్టవద్దని నా ఉద్దేశం. నీకు అన్యాయమే, కాదనను. మీ అమ్మకు ఇష్టమైతే నా నంబరు ఇవ్వు. ఆమె తన భయం చెప్పుకోవడానికి ఇంకొక తల్లి ఉండాలి, నీతో అది చెప్పుకోలేకపోతుంది.

ఆకాశదీపం | హైదరాబాద్ | 21 ఆగస్టు, రాత్రి 8:00

అమ్మా, మీ మాట విలువైనదే. కానీ ప్రతి శుభకార్యానికీ మనమే తగ్గి దూరంగా ఉండాలంటే ఎన్నాళ్లు? మా అన్న పెళ్లికి నేనలాగే ఆగాను. తర్వాత పిల్లాడి బారసాల, తర్వాత గృహప్రవేశం. ఒకసారి ఆగితే అదే ఆనవాయితీ అవుతుంది. మల్లెతీగా, వెళ్లకపోయినా సరే, వెళ్లాలని ఉందన్న మాట చెల్లితో నేరుగా చెప్పు.

కృష్ణలంక | విజయవాడ | 22 ఆగస్టు, ఉదయం 9:15

మల్లెతీగ గారూ, నేను ఇక్కడే ఉంటాను, బట్టలు కుడతాను. ఆదివారం దుకాణానికి సెలవు. ఇళ్లు చూడటానికి మీతో వస్తాను. నోటరీ దగ్గరికి కూడా వెళదాం, నాకు చేసిన ఆయన ఉన్నారు, పిచ్చి ప్రశ్నలు వేయరు. ఇద్దరం ఉంటే తలుపు వేసినా అంత బాధ అనిపించదు.

మల్లెతీగ | విజయవాడ | 7 సెప్టెంబరు, రాత్రి 9:30

రాయడం ఆలస్యమైంది, కొత్త ఇంట్లో సర్దుకోవడంతో సరిపోయింది. గుణదల వైపు మేడ మీద ఒక గది, వంటిల్లు. కృష్ణలంక అక్క తోడు రాకపోతే ఆ వీధిలోకే వెళ్లేదాన్ని కాదు. ఇంటావిడ రిటైరైన టీచరు. గురువమ్మ చెప్పినట్టు గుమ్మంలోనే చెప్పాను, కార్డు కూడా చూపించాను. కాసేపు ఆలోచించి, నీళ్లు ఉదయం ఆరుకే వస్తాయి, మోటారు వేసే వంతు నీదైన రోజు మరిచిపోకూడదు అన్నారు. అడ్వాన్సు రెండు నెలలది. ఆకాశదీపం అక్కా, మిగతా వాటాల వాళ్లకు చెప్పలేదు, చెప్పనని ఆవిడ కూడా అన్నారు.

గుంటూరు కలెక్టర్‌కు దరఖాస్తు వెళ్లింది. పదకొండు నెలల అగ్రిమెంటులో పాత పేరు అలియాస్ కొత్త పేరు అని రాయించాను.

అమ్మ, సీమ అమ్మగారితో మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పడం లేదు. నిశ్చితార్థానికి నేను వెళ్లడం లేదు. చెల్లికి మాత్రం రావాలని ఉందని చెప్పాను. అది కోపంగా, "పెళ్లికి నువ్వు లేకపోతే నేను పీటల మీద కూర్చోను" అంది. నాన్నకు ఇంకా ఏదీ తెలియదు. ఆ గొడవ ముందుంది.

గోదావరిగట్టు | రాజమహేంద్రవరం | 7 సెప్టెంబరు, రాత్రి 10:10

చల్లగా ఉండు తల్లీ. పుష్కరాల రేవు దగ్గర దీపం వదిలినప్పుడు నీ పేరు కూడా అనుకుంటాను. చిరుగాలి ఎలా ఉంది?

ఆకాశదీపం | హైదరాబాద్ | 8 సెప్టెంబరు, ఉదయం 7:30

డాక్టరును చూసింది గురువమ్మా. రక్తపరీక్షల దశలో ఉంది. మిగతాది తనకు ఇష్టమైతే తనే చెబుతుంది.

వేపచెట్టు | హనుమకొండ | 8 సెప్టెంబరు, మధ్యాహ్నం 1:00

మల్లెతీగ చెల్లెమ్మా, మీరు లెక్కలు చూస్తారు కాబట్టి అడుగుతున్నాను. నా గుర్తింపు కార్డు వచ్చింది, ఆధార్ మారింది. బ్యాంకు ఖాతా, పాన్ మాత్రం పాత పేరుతోనే ఉన్నాయి. ఈ జూన్ నెలాఖరు నుంచి యూపీఐలో బ్యాంకులో ఉన్న పేరే కనిపించాలని నియమం వచ్చింది. అంతకుముందు నేను పెట్టుకున్న పేరు కనిపించేది. ఇప్పుడు దుకాణంలో స్కాన్ చేసిన ప్రతివాడూ "ఎవరన్నా ఈ అమ్మాయి" అంటాడు. మా అక్క పేరని చెబుతున్నాను. రోజుకు ఎన్నిసార్లని చెప్పను?

మల్లెతీగ | విజయవాడ | 8 సెప్టెంబరు, రాత్రి 9:20

అన్నా, దీనికి వరుస ఉంది. ఆధార్ అయింది కాబట్టి తర్వాత పాన్. పాన్ దిద్దుబాటు ఫారంలో పేరు, లింగం రెండూ మార్చండి. అందులో 2018 నుంచి ట్రాన్స్‌జెండర్ గడి కూడా ఉంది. ఆధార్‌లో ఏది ఉందో అదే పెట్టండి, ఒక్క అక్షరం తేడా వచ్చినా రెండూ కలవవు. పాన్ వచ్చాక రెండూ తీసుకుని బ్యాంకుకు వెళ్లి కేవైసీ మార్చమని అర్జీ ఇవ్వండి, కలెక్టర్ పత్రం నకలు జతచేయండి. అర్జీ రెండో కాపీ మీద వాళ్ల ముద్ర, తేదీ వేయించుకోండి. బ్యాంకులో పేరు మారాక యూపీఐలో అదే కనిపిస్తుంది. పాత క్యూఆర్ స్టిక్కర్ మీద మీ పేరు అచ్చువేసి ఉంటే కొత్తది అడగండి. కరెంటు ఖాతానా, సేవింగ్సా? జీఎస్టీ నంబరు ఉందా? ఉంటే అక్కడ కూడా మార్చాలి, అది నేను చూసుకుంటాను.

రేపు దుకాణం మూశాక ఫోన్ చేయండి. కాగితాలన్నీ దగ్గర పెట్టుకోండి, పాన్ ఫారం ఇద్దరం కలిసే నింపుదాం.